సముద్రం పేరు చెప్పి

మా రోజుల్లో వాన పడకపోతే తిట్టడానికి మనుషులు దొరికేవాళ్ళు. బొడ్రాయికి నీళ్ళు పోయించని ఊరిపెద్దను తిట్టేవాళ్ళం. ఈ ఏడు వానలు దండిగా ఉన్నాయని ఉగాదినాడు పంచాంగం చదివిన అయ్యగారిని తిట్టేవాళ్ళం. పోశమ్మకు బోనం ఎగ్గొట్టిన వాడకట్టును తిట్టేవాళ్ళం. ఎవరూ దొరక్కపోతే సర్కారు ఉండనే ఉండె. ఇప్పుడు అట్లా కాదు. వాన ఏదయ్యా అంటే పసిఫిక్ సముద్రం అంటున్నారు. దాన్ని ఎక్కడ పట్టుకుని తిట్టాలి? పెరూ దేశం ఒడ్డున నీళ్ళు వెచ్చబడ్డాయంట, అందుకని దేవరకొండలో పత్తి ఎండిందంట!

మాది డిండి వాగుకు ఇవతల, పాత నల్లగొండ జిల్లా. మా ఇంటామె పుట్టినూరు వాగుకు అవతల, పాత పాలమూరు. జిల్లాలు ముక్కలయ్యాక ఆమెది నాగర్‌కర్నూలు అయింది గానీ మొగులుకు ఆ జీవో అందినట్టు లేదు. రెండు ఒడ్లనూ సమానంగానే ఎండబెడుతుంది. పాలమూరులో ఏడాది పొడుగునా పడే వాన సగటున 600 మిల్లీమీటర్ల దగ్గర, నల్లగొండలో 750 దగ్గర. కాగితం మీద చూస్తే మరీ తక్కువేం కాదనిపిస్తుంది. ఎప్పుడు పడుతుంది, ఎన్ని దఫాలుగా పడుతుంది అన్న దగ్గరే ఉంది అసలు పేచీ. అరేబియా సముద్రం మీదుగా వచ్చే మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువంతా దించుకుని, కర్ణాటక దాటి మా దాకా వచ్చేసరికి ఉత్త గాలి మిగులుతుంది. ఇక మాకు దిక్కు బంగాళాఖాతం. అక్కడ అల్పపీడనం పుట్టాలి. పుట్టింది ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు జారిపోకుండా కాస్త దక్షిణానికి రావాలి. అప్పుడు మాకు నాలుగు చినుకులు. అటొక సముద్రం, ఇటొక సముద్రం ఉన్నాయని మురుసుకోవడానికి లేదు. రెండింటికీ మేం పెళ్ళికి పిలవని దూరపు చుట్టాలం.

పంచాంగం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఉగాదినాడు గుడి ముందర చాపేసుకుని కూర్చుని వినేవాళ్ళం. ఈ ఏడు మేఘాధిపతి ఎవరు, వాన ఎన్ని తూములు అన్నది మొదట వచ్చేది. తరువాత ఆ వానలో పంపకం: ఇన్ని భాగాలు సముద్రంలో, ఇన్ని పర్వతాల మీద, మిగిలింది భూమ్మీద. పెద్ద వాటా సముద్రానికి పోయేది. చిన్నప్పుడు నాకు అంతకంటే అన్యాయం ఇంకోటి కనపడేది కాదు. సముద్రానికి వానెందుకు, దానికేమన్నా నీళ్ళు తక్కువా? ఇప్పుడు శాస్త్రవేత్తలు ఎత్తుతున్నదీ దాదాపు ఆ పంచాయతీనే. భూమధ్యరేఖ దగ్గర హిందూ మహాసముద్రం బాగా వేడెక్కిందంటే మబ్బు అక్కడే లేచి అక్కడే కురుస్తుంది. నేల మీదికి రావలసిన తేమ నీళ్ళమీదే ఖర్చయిపోతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో రాక్సీ మాథ్యూ కోల్ అనే ఆయన, తోటివాళ్ళు కలిసి లెక్కగట్టారు: 1901 నుంచి 2012 లోపల పడమటి హిందూ మహాసముద్రం 1.2 డిగ్రీలు వేడెక్కింది. నేల ఎక్కువ కాగి, సముద్రం తక్కువ కాగితేనే తడిగాలి నేలమీదికి జోరుగా వస్తుంది. సముద్రం కూడా నేలతో పోటీపడి కాగడం మొదలుపెడితే ఆ జోరు తగ్గుతుంది. అయ్యగారికి ఇదంతా తెలిసి చెప్పాడని నేను అనడం లేదు. అట్లా అన్నానంటే మన మునులు విమానాలు కూడా నడిపారని మొదలుపెట్టేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు.

ఎల్ నినో కథ నాకు చెప్పింది మా మనుమడు. వ్యవసాయం డిప్లొమా చదివాడు, దుక్కి దున్నడు, ఫోను దున్నుతాడు. వాడు చెప్పింది ఇది. మామూలు ఏళ్ళలో పసిఫిక్ మీద గాలులు తూర్పు నుంచి పడమటికి వీస్తూ, ఎండకు కాగిన పైనీళ్ళను ఇండొనేషియా దిక్కుకు నెట్టుకొస్తాయి. నీళ్ళు ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడ గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. ఆ గాలులు నీరసించిన ఏడు వెచ్చటి నీళ్ళు నడిమి పసిఫిక్ దిక్కుకు, ఇంకా పోతే పెరూ దిక్కుకు మళ్ళుతాయి. మబ్బు కట్టే చోటు కూడా వాటి వెంటే పోతుంది. అక్కడ లేచిన గాలి ఎక్కడో ఒకచోట కిందికి దిగాలి కదా, అది ఇండొనేషియా నుంచి మన దేశం దాకా ఉన్న మేర మీద దిగుతుంది. గాలి దిగే చోట మబ్బు నిలవదు. నడిమి పసిఫిక్ మామూలు కంటే అర డిగ్రీ వెచ్చబడి నెలల తరబడి అట్లాగే ఉంటే ఎల్ నినో అంటారు. ఎదురు తిరిగి చల్లబడితే లా నినా.

"అర డిగ్రీకి ఇంత కథనా బిడ్డా?" అన్నాను.

"అర డిగ్రీ ఎన్ని నీళ్ళకో చూడాలె తాతా. మన దేశం అసొంటియి ఎన్నో పడ్తయి అండ్ల."

"డిండి ప్రాజెక్టుల నీళ్ళు ఎండకాలం చెయ్యి పెట్టనీయవు. దానికి ఏ దేశంలనన్న వాన ఆగిందా?"

వాడు నవ్వి మళ్ళీ ఫోన్లోకి పోయాడు. పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఈ తరం దగ్గర ఉన్న జవాబు అది.

ఇదంతా ఏదో నిన్నగాక మొన్న కనిపెట్టినట్టు టీవీలో అరుస్తారు గానీ, వందేళ్ళు దాటిన సంగతి. ఈ దేశంలో వాతావరణ శాఖ 1875లో పెట్టారు. పెట్టిన మరుసటి ఏడే ధాత కరువు మొదలై దక్కనునంతా ఊడ్చింది. 1876 నుంచి 78 దాకా సాగిన ఆ కరువు వెనక పెద్ద ఎల్ నినో ఉందని ఇప్పుడు చెబుతున్నారు. అప్పుడు ఎవరికి తెలుసు? హిమాలయాల మీద మంచు ఎక్కువ పడితే వాన తగ్గుతుందని మొదటి పెద్దసారు బ్లాన్‌ఫర్డ్ అనుకున్నాడు, దాన్ని పట్టుకుని 1886 నుంచి జోస్యం చెప్పాడు. 1899లో మళ్ళీ దేశమంతా ఎండింది. తరువాత 1904లో గిల్బర్ట్ వాకర్ అని ఒక లెక్కల పండితుడు వచ్చి కూర్చున్నాడు. ఆయనకు మబ్బుల సంగతి తెలియదు, అంకెల సంగతి తెలుసు. లోకంలో ఎక్కడెక్కడి గాలి బరువులు, వానలు, నైలు నది వరదలు అన్నీ తెప్పించి గుమాస్తాలతో ఏళ్ళతరబడి గుణింపించాడు. పసిఫిక్ మీద గాలి బరువు పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది అని పట్టుకున్నాడు. ఎందుకట్లా అన్నది మాత్రం ఆయనకు దొరకలేదు. దానికీ సముద్రం వేడికీ ముడి ఉందని 1969లో బ్యర్క్‌నెస్ అనే ఆయన చెప్పేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ గుమాస్తాల లెక్కలన్నీ మన కరువు తెలుసుకోవడానికి మొదలైనవే. పేరు మాత్రం వాకర్ది.

మా మనుమడు ఒకనాడు నన్ను పరీక్షకు పెట్టాడు. నేను బుద్ధెరిగినాక చూసిన కరువు ఏళ్ళు చెప్పమన్నాడు, వాడు ఫోన్లో ఎల్ నినో పట్టిక తీశాడు. నాకు ఏళ్ళు అంకెల్లో గుర్తుండవు. ఎడ్లు అమ్ముకున్న ఏడు, బాయి అడుగు కనపడ్డ ఏడు, పెద్దబిడ్డ పెళ్ళి వాయిదా పడ్డ ఏడు అట్లా చెప్పాను. వాడు లెక్క కలుపుకున్నాడు. 1965, 1972, 1982, 1987, 2002, 2009, 2015, 2023. అన్నీ పట్టికలో ఉన్నాయి. డెబ్బై రెండు చెప్పినప్పుడు ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. ఆ ఏడు దేశానికే వాన పావువంతు దాకా తగ్గింది. మా దిక్కు పశువుల దొడ్లకు దొడ్లే ఖాళీ అయ్యాయి.

అయితే ఈ సంబంధం ఇంత శుద్ధంగా ఉంటే నాకు గొణగడానికి ఏముంది? లేదు కాబట్టే రాస్తున్నాను. 1997లో వచ్చిన ఎల్ నినో ఆ వందేళ్ళలో పెద్దవాటిలో ఒకటి. పేపర్లన్నీ దేశం మునుగుతుందనో ఎండుతుందనో రాశాయి. తీరా చూస్తే దేశానికి మామూలు కంటే రవంత ఎక్కువే పడింది. ఎందుకంటే ఆ ఏడు మన సముద్రంలోనే ఇంకో సంగతి జరిగింది. ఆఫ్రికా దిక్కు నీళ్ళు వెచ్చబడి, సుమత్రా దిక్కు నీళ్ళు చల్లబడ్డాయి. ఇట్లా జరిగితే మన మీదికి తేమ బాగా వస్తుంది. దీనికి హిందూ మహాసముద్ర ద్విధ్రువం అని పేరు పెట్టి 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగటా అనే నలుగురు లోకానికి చూపించారు. ముగ్గురు మనవాళ్ళే. 2019లో ఇదే గట్టిగా వచ్చింది, జూన్ ఎండబెట్టినా ఆ ఏడు చివరికి దేశానికి పదో వంతు ఎక్కువ వాన కొట్టింది. బెంగుళూరులో సులోచనా గాడ్గిల్ అనే ఆవిడ భూమధ్యరేఖ దగ్గర మన సముద్రం మీద మబ్బులు తూర్పున కడుతున్నాయా పడమటన కడుతున్నాయా అన్నది కూడా పసిఫిక్‌కు సమానంగా చూడాలని పట్టుబట్టారు. నాకు ఆవిడ మాట నచ్చింది. ఎక్కడో ఉన్న పెరూను నిందించేముందు ఇంటి పక్క సముద్రాన్ని చూడాలనే కదా.

2009 సంగతి చెబితే గానీ మా నేల తీరు తెలియదు. ఆ ఏడు ఎల్ నినో. దేశానికి ఐదో వంతు కంటే ఎక్కువ లోటు. మిరుగంలో పడాల్సిన వాన పడలేదు, ఆరుద్ర పురుగు కనపడలేదు, వేసిన ఆముదాలు మొలిచి మాడిపోయాయి. కప్పతల్లి ఆడారు. వరదపాశం వండి బండమీద పోసి నాకారు. గుడిలో విరాటపర్వం చదివించారు. ఏమీ కాలేదు. సెప్టెంబరు చివర, హస్త కార్తె పెట్టాక, వాన దిగింది. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒకేసారి లేచాయి. అక్టోబరు మొదట్లో ఆలంపురం మునిగింది, తుంగభద్ర ఒడ్డున నేతగాళ్ళ ఊరు రాజోలి కొట్టుకుపోయినంత పనయింది, అవతల కర్నూలు నీళ్ళలో నిలబడింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, ఆ డ్యాము అంత నీళ్ళకు కట్టిందే కాదు. కరువు మండలాల జాబితాలో ఉన్న జిల్లాకే వరద సాయం లారీలు వచ్చాయి. అది కరువు ఏడా, వరద ఏడా? ఏడాది సగటు తీసి చూస్తే రెండూ కాదు.

నా కోపమంతా ఆ సగటు మీదే. ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి ఒక అంకె వస్తుంది. దేశం మొత్తానికి నాలుగు నెలల్లో పడాల్సింది 87 సెంటీమీటర్లు, అందులో నూటికి 96 నుంచి 104 దాకా పడితే మామూలు వాన. టీవీవాళ్ళు చప్పట్లు కొడతారు, షేర్ల బజారు లేస్తుందంట. ఆ 87లో చిరపుంజి ఉంది, కొంకణం ఉంది, మా చెలక కూడా ఉంది. 2011లో దేశానికి వాన మామూలుకు తగ్గలేదు, ఎల్ నినో కూడా లేదు. ఆ ఖరీఫ్‌లోనే అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వందల మండలాలను కరువు మండలాలని ప్రకటించింది. మా చెలకల మీదికి వచ్చి ఆ 'మామూలు' ఎవరు కొలిచారు?

వాతావరణం వాళ్ళను ఆడిపోసుకోవడం తేలిక. మా రోజుల్లో రేడియోలో రాగల 24 గంటల్లో ఒకటి రెండు చోట్ల చెదురుమదురు జల్లులు పడవచ్చు అనేవాళ్ళు. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడున్నాయో మాకెప్పుడూ దొరకలేదు. 1988 నుంచి పదహారు సూచికలు కలిపి ఒక లెక్క కట్టేవాళ్ళు. అది ఏటేటా తప్పకుండా వస్తుంటే జనం నమ్మారు. 2002లో మామూలు వాన అంది ఆ లెక్క. జులైలో దేశానికి పడాల్సిన దాంట్లో సగం కూడా పడలేదు. తరువాత ఆ లెక్కను అటకెక్కించారు. ఇప్పుడు సముద్రాన్నీ గాలినీ కలిపి పెద్ద కంప్యూటర్లలో నడిపిస్తున్నారు, అల్పపీడనం వస్తుందంటే నాలుగైదు రోజుల ముందు చెబుతున్నారు, వస్తోంది కూడా. అది ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి. కానీ రైతుకు కావాల్సింది నాలుగు నెలల సగటూ కాదు, నాలుగు రోజుల వార్తా కాదు. గింజ పెట్టినాక ఇరవై రోజులు ఎండ కొడుతుందా లేదా అన్నది.

దాని వెనకా సముద్రమే ఉందంట. భూమధ్యరేఖ వెంబడి మబ్బుల గుంపు ఒకటి నెలా రెండు నెలలకోసారి పడమటి నుంచి తూర్పుకు చుట్టు తిరుగుతుంది. 1971లో మాడెన్, జూలియన్ అనే ఇద్దరు దాన్ని పట్టుకున్నారు. అది మన సముద్రం మీదికి వచ్చినప్పుడు వాన ఊపందుకుంటుంది, దాటిపోయాక దమ్ము పట్టుకుంటుంది. ఆ దమ్ము ఆగస్టులో పడితే మా కథ ముగిసినట్టే. వానలు హిమాలయాల పాదాల దగ్గర కురుస్తాయి, ఇక్కడ ఎండ నెత్తిమీద నిలుస్తుంది. 2023లో అదే అయింది. జులై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల దాకా కొట్టింది, పాలమూరుకు ఏడాది మొత్తంలో పడే సగటు వాన కంటే ఎక్కువ. ఆ తరువాత ఆగస్టు 1901 నుంచి ఎన్నడూ లేనంత ఎండిన ఆగస్టు. మఖ, పుబ్బలు వరపైతే మీ అన్న సేద్యం, నా సేద్యం మన్నే అని మా నాయన అనేవాడు. పుబ్బ అంటే ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు మొదలు. ఆయనకు మాడెన్ తెలియదు, జూలియన్ తెలియదు. నష్టం ఎక్కడ పడుతుందో తెలుసు.

ముసురు ఏమైందో ఎవరన్నా చెప్పండి. మా రోజుల్లో మూడు రోజులు, ఐదు రోజులు ముసురు పట్టేది. గొంగడి కప్పుకుని పనికి పోయేవాళ్ళం, పొయ్యిలో కట్టె అంటుకునేది కాదు, అనపకాయలు ఉడకబెట్టుకుని అరుగుమీద కూర్చునేవాళ్ళం. ఆ వాన వాగులోకి పోయేది కాదు, చెలకలోకి దిగేది. ఇప్పుడు గంటలో కొట్టి పోతుంది. ఎర్రమట్టిని గీక్కుని వాగులో పడేసి, మళ్ళీ పదిహేను రోజులు కనపడదు. ముసలాడి చాదస్తం అంటారని భయపడ్డాను గానీ, గోస్వామి, ఆయన తోటివాళ్ళు 2006లో మధ్య భారతం వానలను యాభై ఏళ్ళకు లెక్కగట్టి ఇదే చెప్పారు. మొత్తం వాన పెద్దగా మారలేదు, మెల్లగా పడే వానలు తగ్గాయి, కుండపోతలు పెరిగాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే నూటికి ఏడు పాళ్ళు ఎక్కువ తేమ పట్టుకుంటుందంట. పట్టుకున్నదంతా ఒకేసారి వదులుతుంది.

మా నాయన రోజుల్లో సముద్రం ఎట్లుంటుందో ఊళ్ళో చూసినవాడు లేడు. కానీ గొర్రు కట్టే తీరు చూస్తే దాని గుణం తెలిసినవాళ్ళ లాగానే కట్టేవాళ్ళు. మిరుగంలో పదునైతే పచ్చజొన్న, దాంట్లో కంది సాళ్ళు. కాస్త ఆలస్యమైతే ఆముదాలు, వాటి నడుమ పెసర్లు, బొబ్బర్లు. ఇసుక చెలకల్లో కొర్రలు, సజ్జలు. వాన మధ్యలో మొహం చాటేస్తే జొన్న ఆకు చుట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడుతుంది, చినుకు పడగానే మళ్ళీ లేస్తుంది. కంది వేరు లోతుకు పోయి తన నీళ్ళు తను చూసుకుంటుంది. అన్నీ చేయిచ్చిన ఏడు కూడా ఉత్తర కార్తెలో ఉలవలు చల్లేవాళ్ళు, మంచుకైనా పండుతాయని. అన్నీ పండిన ఏడు లేదు. అన్నీ పోయిన ఏడు వచ్చినా దశాబ్దానికి ఒకటి.

ఇప్పుడు? నాగలిసాలు పట్టిన చెలకంతా పత్తి. పదును నిలిచే రేగడిలో పండాల్సిన పత్తిని జానెడు లోతు ఎర్రమట్టిలో పెడుతున్నారు. తొలివానకే గింజ పెడతారు. పదిహేను రోజులు వాన లేదు, పోతుంది. మళ్ళీ ప్యాకెట్టు కొంటారు, మళ్ళీ పెడతారు. మూడోసారి కూడా పెట్టినవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. 2020 నుంచి మూడేళ్ళు వరసగా లా నినా అన్నారు, వానలు దంచాయి. నాగార్జునసాగర్ గేట్లు లేపారు, జనం కార్లేసుకుని చూడటానికి పోయారు. ఇక్కడ పత్తి నీళ్ళలో నిలబడి ఎర్రబారి రాలిపోయింది. ఎల్ నినో అయితే ఎండి పోతుంది, లా నినా అయితే కుళ్ళి పోతుంది. చెలకంతా ఒక్క పంట మీద పెట్టిననాడే సగం పోయింది. తక్కిన సగానికి పసిఫిక్‌ను తిట్టుకోవచ్చు.

బోర్ల కథ ఇంకా దారుణం. వాన తప్పిన ప్రతి ఏడు భూమిని ఇంకో వంద ఫీట్లు పొడిచాం. నల్లగొండ దగ్గర ముసంపల్లిలో మనుషులకంటే బోర్లే ఎక్కువని విలేఖరి సాయినాథ్ రాసి ఇరవై ఏళ్ళు దాటింది. మా నేల కింద ఉన్నది ఫ్లోరైడు పట్టిన రాయి. మోటబాయి నీళ్ళు ఏ ఏటి వాన ఆ ఏడు దిగినవి. వెయ్యి ఫీట్ల కింది నీళ్ళు ఎన్నాళ్ళుగానో ఆ రాతిలో నానినవి. మర్రిగూడ, మునుగోడు దిక్కు పోయి నడుములు వంగిన మనుషులను చూడండి. నీళ్ళలో ఫ్లోరైడు తీయడానికి నాగపూర్‌లోని ఒక సంస్థవాళ్ళు కనిపెట్టిన పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారంట. జిల్లాకు వచ్చిన లోకఖ్యాతి అది. మిషన్ భగీరథ నల్లా వచ్చాక తాగే నీళ్ళకు కాస్త తెరిపి అయింది, అబద్ధమెందుకు చెప్పాలి.

కాలువ ఉంటే ఈ బాధలుండవు అంటారు. 1955లో నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేశాడు, 1967లో నీళ్ళు వదిలారు. మిర్యాలగూడకు వరి వచ్చింది, మాకు వార్త వచ్చింది. సరే, ఎడమ కాలువ కింద వాళ్ళన్నా నిశ్చింతగా ఉన్నారా అంటే, కృష్ణలో నీళ్ళు ఎక్కడివి? మహాబలేశ్వరం దిక్కు కనుమల్లో పడ్డ వానవి. అక్కడ పడకపోతే ఆల్మట్టి నిండదు, అది నిండకపోతే జూరాల రాదు, శ్రీశైలం రాదు, సాగర్ రాదు. 2015లో రాలేదు. 2023లో రాలేదు, కింద యాసంగి నాట్లు ఆగాయి. మరుసటి ఏడు సెప్టెంబరు ఒకటిన వాయుగుండం వచ్చి కోదాడ దిక్కు కాలువకే గండి పడింది.

మా రోజులు బంగారం అని నేను అనను. మా ఇంటామె తరఫువాళ్ళలో సగం మంది బొంబాయిలో తట్టలు మోసినవాళ్ళే. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నది వాళ్ళకు సామెత కాదు, బస్సు టైము. ఉత్తరలో కూడా చినుకు పడకపోతే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, తాళం వేసి, ముసలివాళ్ళను ఊరికి కాపలా పెట్టి పోయేవాళ్ళు. పాలమూరు నుంచి బొంబాయికి ఆర్టీసీ బస్సే నడిచేది. దేశంలో ఏ డ్యాముకు పునాది తవ్వినా పాలమూరు పార ఒకటి ఉండేదని పేరు. ఊరూరా నీళ్ళు నిలబెట్టి వచ్చినవాళ్ళు ఊళ్ళో కడవకు కొట్లాడేవాళ్ళు. అది తిరిగి రావాలని ఏ మతి ఉన్నవాడూ కోరుకోడు. జొన్నలు, కందులతో పాటు ఆ గంపను కూడా పోగొట్టుకుని ఉంటే నేను నోరు మూసుకుని ఉండేవాణ్ణి. గంప ఉంది, జొన్నలే పోయాయి.

ఏప్రిల్‌లో ఢిల్లీవాళ్ళు ఎల్ నినో అని చెప్పిన ఏడు మండలంలో ఏం మారుతుంది? నేను చూసినంత మట్టుకు ఏమీ మారదు. దుకాణాల్లో పత్తి ప్యాకెట్లు ముందే దిగి ఉంటాయి. బ్యాంకులో అప్పు కూడా పంట పేరు చూసే ఇస్తారు, ఆ పేరు పత్తో వరో అయి ఉండాలి. సముద్రం సంగతి ముందే తెలిసి, ఏం విత్తాలో తెలిసి, ఆ విత్తనం దొరక్కపోతే ఆ తెలివి ఎవరికి? మొన్న 2023లో పుబ్బ కూడా ఎండిపోయాక, పోయింది పోనీ, నాలుగు ఎకరాల్లో ఉలవలన్నా చల్లుదాం అని మనుమణ్ణి బండెక్కించుకుని విత్తనానికి బయలుదేరాను. ఒక విత్తనాల దుకాణంలో లేవన్నారు. రెండో దాంట్లో నవ్వారు. చివరికి టౌన్లో అద్దాల తలుపులున్న షాపులో దొరికాయి, అరకిలో ప్యాకెట్లలో, మీద ఆకుపచ్చ బొమ్మతో. పాతిక కిలోలు కావాలంటే కౌంటరు దగ్గర పిల్లగాడు నన్ను పైకీ కిందికీ చూసి, "అంత షుగర్ ఉన్నదా తాతా?" అన్నాడు.